నూనె రాసుకున్న నీల్‌గాయ్

"సార్, ఈ ఏడో నమూనాకి జిడ్డు వదలడం లేదు. కొబ్బరినూనె వాసన!" అంది ప్రణతి, గాజు గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని.

"ఢిల్లీ నీల్‌గాయ్ కదమ్మా! పెళ్లిచూపులకి ముస్తాబవుతూ పోయుంటుంది," అన్నాడు భీమేశ్వరరావు.

ప్రణతి పకపకా నవ్వింది. ఢిల్లీ జనక్‌పురిలో పుట్టి పెరిగిన ఆ రీసెర్చ్ పిల్లకి సార్ కోతలంటే ప్రాణం. ఈమధ్య ఆయన కోతలు కోయడం మానేశాడు. ఇవాళ మళ్లీ మొదలెట్టాడని సంబరపడింది.

గుర్గావ్ చుట్టూ మేడలు లేచి మేత బీళ్లు మాయమయ్యాక, అక్కడి నీల్‌గాయ్‌లు, మన వైపు మనుబోతులనే అడవిపశువులు, ఏం తిని బతుకుతున్నాయో తేల్చడం వాళ్ల పని. చచ్చిన నీల్‌గాయ్ తోక వెంట్రుకలు నాలుగు దొరికితే చాలు. పెరిగేటప్పుడే ఏ నెల తిండి ఆనవాలు ఆ నెల వెంట్రుకలో చేరిపోతుంది. ముక్కలు కోసి మిషన్‌లో వేస్తే, బరువు నత్రజని ఎంతో, తేలిక నత్రజని ఎంతో విడదీసి బండారమంతా బయటపెడుతుంది.

"మీ తాతగారు పెళ్లినాడు ఎన్ని బూరెలు మింగారో కూడా కక్కిస్తుంది," అనేవాడు భీమేశ్వరరావు.

ఏడో నమూనా మాత్రం ఆయనే స్వయంగా తెచ్చాడు. హఠాత్తుగా పోయిందనే అందరూ అన్నారు. ఆ మాట నిజమా, లేక తిండి లేక కృశించి పోయిందా? ఆయనకి ఆ ఒక్కటీ తెలియాలి.

మధ్యాహ్నానికి మిషన్ గీత గీసింది.

"పాపం సార్ ఇది!" ప్రణతి గొంతు తగ్గింది. "కుదురు వైపు చూడండి, బరువు నత్రజని ఎలా పెరిగిపోయిందో. ఆఖరి నెలల్లో తిండే లేదు. తన కండ తనే కరిగించుకుని బతికింది."

"మళ్లీ వెయ్యి."

వేసింది. గీత అలాగే పైకి పోయింది.

"ఈ మిషన్‌కి ఇవాళ తిక్క పుట్టిందేమోనమ్మా?"

"లేదు సార్, మిగతావన్నీ ఠీక్ హై. జబ్బు చేసి ఇది తినలేకపోయిందేమో."

"నెలల తరబడి అలా చిక్కిపోతుంటే దాని జోడీకి కనబడదా?"

"మగవి విడిగా తిరుగుతాయి కదా సార్, మీరే చెప్పారు. ఎప్పుడో వస్తాయి, పోతాయి. వాటికేం తెలుస్తుంది?"

భీమేశ్వరరావు కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"అరే, ఒక్క నీల్‌గాయ్ కోసం ఏడుస్తున్నారా సార్?"

"ఆ జిడ్డు కడిగే మందు ఘాటుకి కళ్లు మండుతున్నాయమ్మా," అని మిగిలిన వెంట్రుకల్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లి, సవరం కట్టించుకుంటానని అరుంధతి తన దువ్వెనకి ఊడొచ్చిన వెంట్రుకలన్నీ చుట్టచుట్టి దాచుకున్న డబ్బాలో వాటిని తిరిగి పెట్టేసి, రోజూ తనకి వడ్డిస్తూ "నేను ముందే తినేశానండీ" అన్న ఆ మనిషి దండ వేసిన ఫొటో వైపు తలెత్తలేకపోయాడు.