కళ్ళు లేని బండి

దుకాణంలో ఉన్న పిల్లల బండ్లన్నిటికీ కెమెరా కళ్ళున్నాయి. "కన్ను పనిచెయ్యకపోతే బెల్టు దానంతటదే ఊడిపోద్దండి, అంత సేఫు," అన్నాడు అమ్మేవాడు. హైమ తన నెల్లాళ్ళ కూతుర్ని ఒక బండిలో పడుకోబెట్టింది. వెంటనే బెల్టు బిగుసుకుంది.

"బుగ్గ మీద గాయం ఉంది. డాక్టరు వచ్చేదాకా పాపను ముట్టుకోవద్దు," అంది బండి.

"గాయం కాదు, దిష్టిచుక్క," అంది హైమ. బండి వినలేదు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"డాక్టరుగారు బయల్దేరారంటండి, కాస్త ఓపిక పట్టండి," అన్నాడతను.

"నా బిడ్డని నేనెత్తుకోడానికి ఇంకొకళ్ళు రావాలా?"

హైమ సంచిలోంచి కాటుక భరిణె తీసి, బండి కంటినిండా పులిమింది. బెల్టు ఊడింది. పాపను భుజాన వేసుకుని అతనివైపు తిరిగింది.

"ఇప్పుడు కళ్ళు లేని బండి చూపించు."