పెన్సిల్ గీతలు

మంజుల మూడు రోజులుగా సరిగా మాట్లాడటం లేదు. పదో తరగతి పిల్ల, కంచం పక్కకు జరిపి ఒకటే పుస్తకం పట్టుకుని కూర్చుంటోంది.

నాలుగో రోజు తల్లి భూలక్ష్మి హైటెక్ సిటీలో కంకర మోసే పనికి పోలేదు. పిల్ల నీళ్లకు వెళ్లగానే పుస్తకం తీసింది. అట్ట మీద 'కిశోర నవల' అని ఉంది.

రాత్రి బడిలో అబ్బిన చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంది. కథలో ఒక పిల్ల కొంచెం కొంచెంగా అద్దమైపోతుంది. ఇంట్లోవాళ్లకు ఆమెలోంచి వెనకున్న గోడ కనిపిస్తుంది. గోడ మాట్లాడుతుంది. భూలక్ష్మికి తలాతోకా తెలియలేదు. కానీ అక్కడక్కడా పెన్సిల్ గీతలున్నాయి. మనసుకు తగిలిన మాట కింద గీత గీయమని రాత్రి బడి పంతులు చెప్పేవాడు.

'నేను లేకపోయినా ఇల్లు ఇలాగే ఉంటుంది.' దాని కింద రెండు గీతలు.

మంజుల బిందె దించగానే భూలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా? ఎవరన్న ఏమన్న అన్నరా? నువ్వు లేకుంటే నేనెట్ల బతుకుతనే?"

"ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితున్నవ్? అర్థం కాక మళ్ల మళ్ల చదువుతున్న. గంతే."

"మరి ఈ గీతలు?"

"నేను గీయలే. బోరబండ లైబ్రరీ పుస్తకమది. ముందునుంచే ఉన్నయ్."

భూలక్ష్మి గోడకు చేరగిలబడింది. అంతలోనే లేచి, పుస్తకం తీసుకుని లైబ్రరీకి పరుగెత్తింది.

"సారూ, దీన్ని ఇంతకుముందు చదివిన పిల్ల ఏ ఇంటిది? జర జల్ది చూడుండ్రి."

లైబ్రేరియన్ రిజిస్టరు తిప్పి ఒక పేరు దగ్గర ఆగాడు.

"తీసుకపోయింది పిల్లనే. వాపసు తెచ్చింది వాళ్ల నాయిన. ఇగ అక్కర లేదని ఆమె కార్డు గూడ ఇచ్చిపోయిండు."