గంగాధర్ పేరు మీద అడుగులు

జనవరి ఒకటో తారీకు పొద్దున్నే గంగాధర్ పాత క్యాలెండర్ వెనక నాలుగు తీర్మానాలు రాసి గోడకు తగిలించాడు.

ఐదింటికి లేవాలి. టీలో చక్కెర మానాలి. దుబారా తగ్గించాలి. రోజుకు పదివేల అడుగులు నడవాలి.

మొదటి మూడూ అటూ ఇటూ అయినా నాలుగోది తప్పదు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జిప్పులు, గుండీలు అమ్మే అంగడి అతనిది. పొద్దున కూర్చుంటే రాత్రికే లేచేది. నలభై నిండకుండానే షుగర్ మూడువందలు దాటింది.

"ఈ నెల చూస్తా. నడవకపోతే రోజూ సూదే" అన్నాడు డాక్టరు.

సూదంటే గంగాధర్‌కు చిన్నప్పటి నుంచీ వణుకు. వెంటనే అడుగులు లెక్కపెట్టే గడియారం కొన్నాడు.

"దుబారా తగ్గించేదానికి నాలుగువేల గడియారమా?" అంది భార్య ఈశ్వరి.

గంగాధర్ వినిపించుకోలేదు. పదో తరగతి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పోటీ కూడా పెట్టుకున్నారు. నెలాఖరుకు ఎవరి అడుగులు ఎక్కువైతే వాళ్లకు శాలువా.

ఆరంభశూరత్వం మూడు రోజులు నిలిచింది. నాలుగో రోజు నడుద్దామని ఊరి బయట గుట్ట దాకా బండి మీద వెళ్లి, బయమ్మ టీ అంగడి దగ్గరే కూలబడ్డాడు.

అక్కడో ముసలాయన గొర్రెల్ని నిలబెట్టుకుని టీ తాగుతున్నాడు. పేరు ఎర్రిస్వామి. కుడికాలి వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది.

"కాలికేమైంది పెద్దాయనా?"

"ముల్లప్పా."

"నాకు చక్కెర ఎయ్యొద్దు బయమ్మా" అని ముసలాయన ఇంకో టీ అడిగాడు. పొదుపంటే ఇదీ, అనుకున్నాడు గంగాధర్.

ముసలాయన చూపు గడియారం మీద పడింది.

"అదేం జేస్తాదప్పా?"

"అడుగులు లెక్కబెడతాది. రోజుకు ఎంత నడుస్తావు నువ్వు?"

"గొర్రెలు యాడికి పోతే ఆడికి."

గంగాధర్‌కు కుతూహలం పుట్టింది. గడియారం విప్పి ముసలాయన చేతికి కట్టాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఇరవై రెండు వేల అడుగులు. గ్రూపులో ఒకటే పొగడ్తలు. అవి చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాడు.

"ఈ నెలంతా నువ్వే కట్టుకో పెద్దాయనా. ఆ అడుగులు నా పేరు మీద పడతాయి."

"నీ పేరు మీద ఎందుకప్పా?"

"నాకు షుగర్ ఉండాది. అడుగులు పెరిగితే తగ్గుతాదంట."

ఎర్రిస్వామి గ్లాసు కింద పెట్టాడు.

"నేను నడిస్తే నీకు తగ్గుతాదా?"

నవ్వొచ్చింది గంగాధర్‌కు. కాదంటే గడియారం తిరిగిచ్చేస్తాడని భయమూ వేసింది.

"తగ్గుతాది."

"సరేలే. పిల్లోనికి జరమొస్తే వాళ్లమ్మ గుడి సుట్టూ తిరగదా? ఇదీ అట్లాంటిదే" అని ముసలాయన కర్ర అందుకున్నాడు.

ఎలాగూ నడిచే మనిషి, నా కోసం కష్టపడేదేముందని గంగాధర్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. పొద్దున బండి దిగకుండానే గడియారం బయమ్మకు ఇచ్చిపోవడం, అంగడి మూశాక అట్లాగే తీసుకుపోవడం అలవాటైంది. ముసలాయన్ని మళ్లీ కలవనే లేదు.

పదో తారీకు దాటాక అడుగులు ముప్ఫై వేలకు ఎక్కాయి. ఫోన్లో దారి చూస్తే ఇంకా వింత. ముందు అటూ ఇటూ పోయిన గీత ఇప్పుడు గుట్ట చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. రోజుకు పదిసార్లు.

"గొర్రెలు ఎక్కడైనా సుట్లు తిరుగుతాయా?" అని ఈశ్వరిని అడిగాడు.

"అవి కూడా క్యాలెండర్ వెనక రాసుకున్నాయేమో" అంది ఆమె.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎందుకో కనుక్కోవాలని చాలాసార్లు అనుకున్నాడు. అంకె పెరుగుతుంటే అడగడానికి తొందరేముంది?

నెలాఖరు మూడు రోజులు అంగడి లెక్కల్లో పడి గడియారం బయమ్మ దగ్గరే వదిలేశాడు, అంకె కదలలేదు. అయినా శాలువా గంగాధర్‌కే వచ్చింది. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే షుగర్ ఇంకో నలభై పెరిగింది. డాక్టరు సూది చీటీ రాసి చేతిలో పెట్టాడు.

గంగాధర్‌కు సిగ్గేసింది. శాలువా అయినా దాని సొంతదారుకు చేరుద్దామని గుట్ట దగ్గరికి వెళ్లాడు.

బయమ్మ బిస్కెట్ల సీసాలోంచి గడియారం తీసి ఇచ్చింది.

"పెద్దాయన రాలేదా?"

"యాడొస్తాడప్పా? అనంతపురం ఆసుపత్రిలో ఉండాడు. కాలి వేళ్లు మూడు తీసేసినారు."

"ముల్లుకే వేళ్లు తీస్తారా?"

"ముల్లేంది. పదేండ్ల నుంచి షుగర్ ఆయప్పకు. ఆ పుండు మానల్లంటే అడుగు కింద పెట్టొద్దని డాక్టరు ముందే చెప్పినాడు."

గంగాధర్ బెంచీ మీద కూర్చున్నాడు.

"మరి గొర్రెల్ని ఎవరు చూస్తాండారు?"

"ఏ గొర్రెలప్పా? నడవకూడదనే కదా పదో తారీకు వాటిని అమ్మేసింది."

"గొర్రెల్లేవా? మరి దినామూ ముప్ఫై వేల అడుగులు..."

బయమ్మ పొయ్యి మీది పాలు దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేను ఎంత వద్దన్నా వినకుండా నీ పేరు సెప్పుకుంటా గుట్ట సుట్టూ తిరిగినాడప్పా, నీకు తగ్గిందో లేదో కనుక్కోమని పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినాడు, ఏం చెప్పల్ల?"