బ్యాకు ఆటగాడి చెయ్యి

హోల్మ్‌షా ఊరికి కప్పు దక్కకుండా చేసింది ఎజ్రా క్లెగ్ చెయ్యి. ఊళ్ళో దీని మీద రెండో మాట లేదు.

1909 ఫుట్‌బాల్ సెమీఫైనల్. చివరి నిమిషాలు, జోరువాన. గోలు ముందు అడ్డు నిలిచే బ్యాకులిద్దరూ, ఎజ్రా, జాబెజ్, ఒకేసారి ఎగిరారు. చొక్కాల మీద అంకెలు లేని రోజులు. ఇద్దరికీ నిలువెల్లా బురదే. బంతి చేతికి తగిలిందని రిఫరీ ఎజ్రాని చూపించాడు. పెనాల్టీ. జట్టు ఓడింది. ఆ తర్వాత క్లబ్బు ఎజ్రాని ఆడించనూ లేదు, ఇంకో క్లబ్బుకి పోనివ్వనూ లేదు. మిల్లులో అతని పక్కన కూర్చుని రొట్టె తిన్నవాడు లేడు.

ఆ ఆట మాట వస్తే జాబెజ్ సిగ్గుతో తల దించుకునేవాడు. తోటివాడి తప్పుకి ఎంత బాధపడుతున్నాడో అని ఊరు అతన్ని మెచ్చుకుంది. క్లబ్బు కమిటీలో చోటిచ్చింది.

పద్దెనిమిదేళ్ళ తర్వాత ఎజ్రా ఇప్పుడు జాబెజ్ వంటింట్లో కూర్చున్నాడు. శనివారం క్లబ్బు విందు. పాత జట్టుని వేదిక మీదికి పిలుస్తారు. జాబితాలో పదిమందే ఉన్నారు, ఎజ్రా పేరు లేదు.

జాబెజ్ టీ పోశాడు.

"ఆ చిటికెన వేలు ఇంకా దొరసాని వేలులా నిలబడే ఉందేరా," అన్నాడు ఎజ్రా.

"రైలుపెట్టె తలుపులో నలిగింది. నీకు తెలిసిందేగా."

ఆట జరిగిన రాత్రి దానికి కట్టు కట్టింది జాబెజ్ భార్య మార్తా. నిరుడు పోయేముందు, ఒక్కసారి ఎజ్రా ఇంటికి వెళ్ళి రమ్మంది. అతను వెళ్ళలేదు.

"నాకు తగల్లేదురా," అన్నాడు ఎజ్రా. "నువ్వు నా పక్కనే ఉన్నావు. చూసింది కమిటీకి చెప్పు. మా ఆవిడ ఒక్కసారి నన్ను ఆ వేదిక మీద చూస్తే చాలు."

"వానలో నాకేం కనబడలేదు."

"ఒక్క మాటరా."

జాబెజ్ అతని కళ్ళలోకి చూడలేదు. "నేను చచ్చేదాకా ఈ సంగతి మాట్లాడను. ఇక నువ్వు కూడా ఎత్తకు."

ఎజ్రా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. టీ అలాగే ఉంది. జాబెజ్ గడియ వేసి, మగ్గులు కడుగుతూ తన వంకర వేలి వైపు చూశాడు.

బంతి తగిలింది దానికే.