నాలుగు వందల పన్నెండో పొట్లం

ఆదోనిలోని విత్తనాల టోకు గోదాములో సరుకు చూసుకునేది సుంకులమ్మ. అప్పటికి ప్రతి పొట్లానికీ గోరంత రేడియో బిళ్ల అతికిస్తున్నారు. ఆ పొట్లం ఏ ఊరు చేరినా, ఏ గూట్లో ఉన్నా, అడిగితే తన జాడ చెప్పేది.

తొలకరి పడిన ఉదయాన పరీక్షశాల నుంచి కబురొచ్చింది. కొత్తగా వచ్చిన ఒక రకం పత్తి విత్తనాలు మొలకెత్తవట. ఆ రకం పొట్లాలు నాలుగు వందల పన్నెండు. సుంకులమ్మ తన మెడలో వేలాడే జాడ తీసే యంత్రంతో అడగగానే అన్నీ పలికాయి. నాలుగు వందల పదకొండు ఇంకా దుకాణాల అరల్లోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఊరవతల పొలాల్లో కదులుతోంది!

దుకాణాలన్నిటికీ అమ్మవద్దని కబురు పెట్టి, మంచి పొట్లం ఒకటి తీసుకుని ఆమె బండెక్కింది. దగ్గరవుతున్నకొద్దీ మెడలోని యంత్రం కీచుకీచుమంది. బురదలో బండి కదలనంటే గట్టు మీద పడేసి పరుగెత్తింది.

"అన్నా, ఇత్తొద్దు! ఆ గింజలు మొలవవు!"

మొదటి సాలు దగ్గర వంగబోతున్న రైతు ఈరన్న పిడికిలి అలాగే బిగించాడు.

"ఎవరమ్మా నువ్వు? నేనీడ ఉన్నట్టు ఎవరు చెప్పినారు?"

"నీ నడుముకు దోపుకున్న పొట్లమే చెప్పిందన్నా!"

ఈరన్న పొట్లాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఏమీ వినబడక పకపకా నవ్వాడు. ఆమె తెచ్చిన పొట్లం చింపి, సగం గింజలు ఆమె దోసిట్లో పోశాడు.

"మల్లా వాన కమ్ముకొస్తాంది. నువ్వూ ఒక సాలు పట్టుకో తల్లీ."

సుంకులమ్మ కుచ్చిళ్లు ఎగదోపి చేలోకి దిగింది. ఇన్నేళ్లు విత్తనాల మధ్యే బతికినా, ఒక గింజను మట్టిలో వేయడం ఆమెకు అదే మొదటిసారి.