చెక్కని మాట

"ఈ ఒక్క మాటా నేను చెక్కను మేస్త్రీ."

రాళ్ళు చెక్కే కొట్టంలో సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగాయి.

మేస్త్రీ మలాకీ టియర్నీ తలెత్తి చూశాడు. ఆ మాటన్నది ఈమధ్యే ఉలిసంచీ భుజాన వేసుకుని కాలినడకన వచ్చిన కొత్తవాడు. పేరు కొల్మన్ అన్నాడు. ఏ ఊరయ్యా అంటే, "రోడ్డే మా ఊరు" అన్నాడు.

ఊళ్ళు తిరిగే రాతిపనివాడు గుమ్మంలోకి వస్తే పని లేదనడం టియర్నీల ఇంటావంటా లేదు. మలాకీ అతనికో బల్ల చూపించాడు. చూపించినందుకు మర్నాడే మురిసిపోయాడు. కొల్మన్ చెక్కిన అక్షరం మీద వేలు పెడితే వెన్న మీద పెట్టినట్టు జారేది.

అందుకే దొర సమాధిరాయి అతనికే అప్పగించాడు.

ఆ చుట్టుపక్కల భూములన్నిటికీ యజమాని హార్ట్‌నోల్ దొర చలికాలంలో పోయాడు. రాయి మీద ఏముండాలో దివాణం ఏజెంటు ప్రాట్ చెప్పి వెళ్ళాడు. పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు, వాటి కింద 'తన రైతులందరికీ తండ్రి' అని.

కొల్మన్ 'తన రైతులందరికీ' దాకా చెక్కి, ఉలి కింద పెట్టాడు.

"ఏమోయ్, మిగతా అక్షరాలు రావా?" అన్నాడు పక్కబల్ల దగ్గరి ఫెస్టీ.

అందరూ గొల్లుమన్నారు. కొల్మన్ నవ్వలేదు.

"అక్షరాలు వస్తాయి. అబద్ధం చెక్కడమే రాదు."

"అది అబద్ధమని ఎవరికి తెలీదయ్యా!" మలాకీ గొంతు తగ్గించాడు. "మా నాన్నని ఈ దొరే రోడ్డు మీదికి గెంటించాడు. జోరువానలో మా కళ్ళముందే ఇంటికప్పు పీకించాడు. నేనే నోరు మూసుకున్నాను. నీకేం చేశాడోయ్ ఆయన?"

"నాకా? ఏమీ చేయలేదు."

"మరి నీకెందుకింత పట్టింపు?"

"నోటితో అన్న మాట గాలికి పోతుంది మేస్త్రీ. రాతి మీది మాట మనవల మనవలు చదువుతారు. నా ఉలి చెప్పిందని వాళ్ళు దాన్ని నమ్మకూడదు."

అప్పుడే ప్రాట్ గుర్రబ్బండి దిగి లోపలికొచ్చాడు. రాయి మీది ఖాళీ చూశాడు. సంగతి విన్నాడు.

"నిన్నెవడు ఆలోచించమన్నాడు? చెక్కు!"

"చెక్కను."

"గాల్వే చుట్టుపక్కల ఏ కొట్టంలోనూ నీకు పని దొరకదు."

"ఐర్లండులో రాళ్ళకేం కరువండీ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రాట్ మొహం కందగడ్డయింది. ఫెస్టీ వైపు తిరిగాడు.

"నువ్వు చెక్కు."

ఫెస్టీ అంతవరకూ వేళాకోళమాడినవాడే. ఉలి తీసి బల్ల మీద పడుకోబెట్టాడు.

"ఒకడు మొదలెట్టిన రాయిని వాడు సరే అనందే ఇంకొకడు ముట్టడండి. అది మా మర్యాద."

అతని పక్కవాడూ ఉలి దించాడు. ఆ పక్కవాడూ దించాడు. చూస్తుండగా కొట్టమంతా చేతులు కట్టుకుని నిలబడింది.

ప్రాట్ మలాకీని చూశాడు.

"ఈ కొట్టం ఉన్న నేల దివాణానిది టియర్నీ. గుర్తుందిగా?"

మలాకీకి గుర్తుంది. కొల్మన్‌ని పక్కకి పిలిచాడు.

"వెళ్ళిపోవయ్యా. నీకు ముందూ వెనకా ఎవరూ లేరు. పంతాలు నీలాంటివాళ్ళకి చెల్లుతాయి. పిల్లలున్న ఇళ్ళలో చెల్లవు."

కొల్మన్ అతన్ని ఒక్క క్షణం చూసి, ఉలులు తుడిచి సంచీలో పెట్టుకున్నాడు.

"ఆ మాట మీరే చెక్కుతారు మేస్త్రీ. ఎవరైనా అడిగితే మాత్రం అది నాది కాదని చెప్పండి."

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

మలాకీ చెక్కాడు. మధ్యాహ్నం ఉడికిన బంగాళాదుంపల కుండ చుట్టూ అందరూ కూర్చున్నారు. అతను వచ్చి కూర్చోగానే ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

రాయి సమాధి తలాపున నిలబెట్టాక మలాకీ ఒక్కడే వెళ్ళి చూశాడు. తన అక్షరాలకి వంక పెట్టడానికి లేదు. అదే అతని గుండెలో ముల్లయింది. వానలో తడుస్తూ నిలబడ్డ తండ్రి కళ్ళముందు మెదిలాడు.

'నోరారా మా నాన్నని పిలిచిన మాటనే, ఈ చేతులతో ఈ దొరకి చెక్కాను!'

తిన్నగా కొట్టానికి వెళ్ళి సుత్తి, ఉలి తెచ్చాడు. పట్టపగలు, దారినపోయేవాళ్ళు చూస్తుండగానే ఆ మాటని చెక్కి పారేయడం మొదలుపెట్టాడు.

సమాధుల మధ్య గడ్డి పీకుతున్న ముసలమ్మ ఆనర్ కీడీ పరుగున వచ్చింది. ఒకప్పుడు దొర బంగళాలో చాకిరీ చేసిన మనిషి.

"ఏమయ్యా టియర్నీ, బతకాలని లేదా?"

"ఉందమ్మా. తలెత్తుకుని బతకాలనుంది."

"కొట్టం పీకిస్తాడు ఆ ప్రాట్!"

"పీకించనీ. కప్పు లేకుండా బతకడం మా ఇంట్లో కొత్త కాదు."

చివరి అక్షరం పొడై రాలింది. మలాకీ చెమట తుడుచుకున్నాడు.

"ఇంతా చేసి ఈ పౌరుషం నాది కాదులే. ఎక్కణ్ణుంచో వచ్చిన కొల్మన్ అనేవాడిది. వాణ్ణి నా నోటితో పొమ్మన్నాను. రేవువైపు పోయాడని విని, తీసుకురమ్మని ఫెస్టీని పంపితే, అప్పటికే అమెరికా ఓడెక్కేశాడట."

ముసలమ్మ చేతిలోని గడ్డి జారిపోయింది.

"కొల్మనా? ముప్పై ఏళ్ళవాడా? వచ్చాడా ఇక్కడికి?"

"నీకెలా తెలుసు?"

ఆమె పక్క సమాధి గట్టు మీద కూలబడింది.

"బంగళాలో నాతోపాటు బట్టలుతికేది, ఊనా అని. కడుపుతో ఉందని కట్టుబట్టలతో గెంటేశారు. పుట్టినవాడికి కొల్మన్ అని పేరు పెట్టిందనీ, మేనమామ వాణ్ణి రాతిపనిలో పెట్టాడనీ విన్నాను."

చెక్కి పారేసిన చోటుకేసి చూస్తూ మెల్లగా అంది:

"ఈ లోకంలో హార్ట్‌నోల్ దొరని 'నాన్నా' అని పిలిచే హక్కున్నవాడు వాడొక్కడేనయ్యా."