ముక్కు తెరుచుకున్న ఉదయం

లియోనా కొడుకు చొక్కాను ముఖానికి అదుముకుని గట్టిగా ఊపిరి పీల్చింది. ఏ వాసనా తగల్లేదు. ముక్కు రెండు పక్కలా సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయి ఉంది.

సరిగ్గా అప్పుడే కర్టిస్ గుమ్మంలో కనిపించాడు.

"మనిషిని ఎదురుగా ఉన్నానుగా. చొక్కాతో పనేంటమ్మా?"

"మరక పోయిందో లేదో చూస్తున్నాన్రా."

"ముక్కుతోనా?"

తలుపు విసురుగా వేసి వడ్రంగి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

టెక్సస్ కొండల్లో జనవరి వచ్చిందంటే సీడర్ చెట్లు పసుపు పొగలా పుప్పొడి వదులుతాయి. ఊరు ఊరంతా తుమ్ముతుంది. లియోనాకు ఈ ఏడు తుమ్ములతో ఆగలేదు. వాసనే తెలియకుండా పోయింది. ఇంకొకరికైతే అది చిరాకు. ఆమెకు మాత్రం భయం.

రెండేళ్ల కిందట కర్టిస్ తాగి ట్రక్కు బోల్తా కొట్టించాడు. పక్కన కూర్చున్న మనవడు డేల్ కాల్లో ఇప్పటికీ ఇనుప రేకు ఉంది. కోర్టు కర్టిస్ లైసెన్సు లాగేసుకుంది. మళ్లీ ఈ ఇంట్లో తాగుడు మొదలైతే పిల్లలిద్దర్నీ తీసుకుపోతామని కౌంటీ ఆఫీసు ఆవిడ మరీ మరీ చెప్పి వెళ్లింది. తల్లి లేని పిల్లలు. అప్పట్నుంచీ లియోనాకు కంటి మీద కునుకు లేదు. ఆమెకున్న కాపలా అంతా ఆ ముక్కే.

ఊళ్లో డాక్టరు ఆమె ముక్కులోంచి పుల్లతో తడి తీసి, గాజు పలక మీద రాసి, మైక్రోస్కోపులో చూడమన్నాడు. ఎర్రరంగు పట్టిన కణాలు, గేటు దగ్గర తోసుకుంటున్న పశువుల్లా ఉన్నాయి.

"ఇవి మీ ఒంటిని కాపాడేవే. పుప్పొడిని చూసి దొంగ అనుకుని గుంపు కట్టాయి. వీటి రభసకే ముక్కు వాచింది. ఈ స్ప్రే వీటిని సద్దుమణిగేలా చేస్తుంది. ఒక్క రోజులో కాదు. రోజూ కొట్టుకోవాలి, మానకూడదు."

"ఇందులో ఏముంటుంది డాక్టర్?"

"స్టెరాయిడ్."

స్ప్రే సంచిలో వేసుకుంది గానీ, ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు.

ఇంటికొచ్చి మనవరాలికి చెప్పుకుంది. హ్యాటీకి పదహారు. మొన్ననే లైసెన్సు వచ్చింది. తండ్రి బండి నడపకూడదు కాబట్టి తమ్ముణ్ణి బడికి తీసుకెళ్లేది ఆ పిల్లే. అప్పటికప్పుడు ఫోన్లో వెతికి గడగడా చదివింది.

"ఎముకలు గుల్లబారతాయట నానమ్మా. కళ్లకు శుక్లాలట. నువ్వు మంచాన పడితే మాకెవరున్నారు? వద్దు, పారెయ్."

ఎంత ప్రేమ ఈ పిల్లకు! లియోనా స్ప్రే తీసి సొరుగులో పడేసింది. హ్యాటీ జేబులోంచి పిప్పర్‌మెంటు బిళ్ల తీసి నానమ్మ నోట్లో పెట్టింది. ఎప్పుడూ ఆ పిల్ల బుగ్గలో ఒకటి ఉంటూనే ఉంటుంది.

"ఇది చప్పరించు. కిటికీ కూడా తెరుస్తాను, గాలాడితే అదే వదులుతుంది."

క్రిస్మస్‌కి తాతయ్య బతికుండగా పెట్టేవాడని హ్యాటీ తెచ్చిన సీడర్ కొమ్మలు ఇంకా పొయ్యిగూటి మీదే ఉన్నాయి. రోజూ పసుపు దుమ్ము రాలుతుంది. లియోనా తుమ్ముకుంటూ తుడుస్తుందే గానీ, తీసెయ్యమనడానికి నోరు రాలేదు.

"ఆ కిటికీలు మూస్తావా లేదా?" అని కర్టిస్ కూతురి మీద అరిచాడు. హ్యాటీ కళ్లనీళ్లు పెట్టుకుంది. తాగే రోజుల్లోనూ వాడు ఇలాగే అయినదానికీ కానిదానికీ అరిచేవాడు.

ఆ వారమే షెడ్డు వెనక, రంపపు పొట్టు బస్తాల సందులో ఖాళీ విస్కీ సీసా దొరికింది.

"నాది కాదు," అన్నాడు కర్టిస్.

"మరి దేవదూతలదా?"

"నాది కాదన్నానా! ఎప్పటిదో పాతదేమో."

సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది. పాతదో, నిన్నటిదో, ఆ ముక్కుకేం తెలుస్తుంది?

మళ్లీ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. గాజు పలక మీద అదే గుంపు, అదే తొక్కిసలాట.

"స్ప్రే కొట్టుకుంటున్నారా?"

"కొట్టుకుంటున్నానండీ."

"మీరలా అంటున్నారు. మీ కణాలు లేదంటున్నాయి."

సిగ్గుతో చచ్చిపోయింది. ఎముకలు గుల్లబారితే బారనీ అనుకుంది. పిల్లది బెంగపడుతుందని స్నానాలగదిలో గడియ పెట్టుకుని రోజూ కొట్టుకుంది. కొట్టుకున్న ప్రతిసారీ దేవుణ్ణి తలుచుకుంది. ఎముకల కోసం కాదు, ముక్కు తెరుచుకున్నాక ఏం బయటపడుతుందోనని.

ఆ ఉదయం నిద్ర లేస్తూనే కాఫీ వాసన తగిలింది. దాని వెనకే మాడిన రొట్టె, తడి కుక్క. లియోనా కాళ్లకు చెప్పులైనా లేకుండా షెడ్డుకు పరిగెత్తి, కొడుకును కౌగిలించుకుని మెడ దగ్గర గట్టిగా ఊపిరి పీల్చింది. రంపపు పొట్టు. డీజిలు. చెమట. ఇంకేమీ లేదు. నోటి దగ్గర మరోసారి చూసింది. వట్టి కాఫీ.

ఏడుపు తన్నుకొచ్చింది. "నిన్ను అనుమానించాన్రా నాన్నా."

"తెలుసులే." కర్టిస్ చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు. "సోదా అయిందా పోలీసమ్మా? ఇక నా చొక్కాల్ని వదిలెయ్."

బయట ట్రక్కు హారన్ మోగింది. డేల్ అప్పటికే ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. లియోనా కళ్లు తుడుచుకుంటూ, ఏళ్ల తర్వాత తేలికపడ్డ గుండెతో వాకిట్లోకి వచ్చింది.

"వెళ్లొస్తాం నానమ్మా," అంటూ హ్యాటీ తాళాలు ఊపుకుంటూ వచ్చి, రోజూలాగే మెడ చుట్టూ చేతులేసి చెంప మీద ముద్దు పెట్టింది. పిప్పర్‌మెంటు వాసన అడుగు నుంచి విస్కీ గుప్పుమంది.